పది భాగహారాలకి ఎన్ని నిమిషాలు?

మంగళవారం, రాత్రి.

ఐదో తరగతి హోంవర్క్ డైరీలో ఇవాళ నాలుగు పనులు: పది భాగహారాలు, ఒక పేజీ కాపీ రైటింగ్, వేమన పద్యం కంఠతా, సోమవారానికి మొక్క భాగాల చార్టు. ఆటలయ్యి ఇంట్లోకి వచ్చేసరికి ఆరు. తొమ్మిదిన్నరకి పడుకోవాలంటే స్నానం, అన్నం, టీవీ పోను మిగిలేది గంటన్నర, అదీ కరెంటు ఉంటే.

గోడకి అంటించే టైంటేబుల్ వారం దాటి బతకదు. దాని మీద "6–7 లెక్కలు" అని ఉంటుంది, బడిలో ఇచ్చేది మాత్రం పది భాగహారాలు. వాటికి ఎంతసేపు పడుతుందో పిల్లలకి తెలియదు. అడిగితే "పది నిమిషాలు" అనేస్తారు. పెద్దవాళ్ళదీ ఇదే జబ్బు. 1979లో కానెమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి "ప్లానింగ్ ఫాలసీ" అని ఓ పేరు కూడా పెట్టారు.

అందుకే డైరీలో ప్రతి పని పక్కనా పెన్సిల్‌తో మూడు అంకెలు రాయించాలి: అనుకున్న నిమిషాలు, మొదలెట్టిన టైము, ముగించిన టైము. రాసేది పిల్లలే. టైము చూడ్డానికి ముళ్ళ గడియారమే మేలు, ఫోన్ చేతికిస్తే పని అక్కడితో సరి. తేడా ఎంతున్నా మొదటి వారం ఒక్క మాట అనకూడదు. అంటే నాలుగో రోజుకల్లా దొంగ టైము రాయడం నేర్చేసుకుంటారు. వారం తిరిగేసరికి భాగహారాలకి పది అనుకుంటే పాతిక పడుతోందని వాళ్ళకే కనిపిస్తుంది.

ఆ పాతికలో ఐదారు నిమిషాలు పెన్సిల్ చెక్కడానికి, రబ్బరు వెతకడానికి పోయినవే. కూర్చునే ముందే అన్నీ బల్ల మీద పెట్టుకోవాలి, మంచినీళ్ళతో సహా. పదిహేను నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. పాతిక నిమిషాలు ఏకబిగిన పనిచేసి ఆగే పద్ధతి కాలేజీ వాళ్ళకి సరే, ఈ వయసుకి ఎక్కువ. భాగహారాలు అన్నానికి ముందే అయిపోవాలి, తిన్నాక బుర్ర సాగదు. పద్యం రాత్రి పది నిమిషాలు, పొద్దున జడ వేసేటప్పుడు ఇంకో ఐదు.

అసలు చిక్కు చార్టుతోనే. సోమవారం ఇవ్వాల్సింది ఆదివారం రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తుంది, అప్పటికి స్టేషనరీ షాపు షట్టర్ దించేసి ఉంటుంది. దీన్ని వెనక నుంచి లెక్కేయాలి. ఆదివారం ఖాళీ, ఏదైనా మిగిలిపోతే దానికి. శనివారం రంగులు. శుక్రవారం పెన్సిల్‌తో బొమ్మ. గురువారం భాగాల పేర్లు రఫ్ బుక్కులో. అంటే చార్టు కొనాల్సింది రేపే.