రెండు పార్టీల మధ్య సీటులో శ్రీశైలం

శ్రీశైలం ఎక్స్‌ప్రెస్ బస్సు విజయవాడలో బయలుదేరిన దగ్గర నుంచి నరసరావుపేట దాటే వరకు దారిలో ఏమేమి వచ్చాయో నేను చెప్పలేను. ముగ్గురు కూర్చునే సీటులో నాది మధ్య స్థానం. కిటికీ పక్కన ఉన్నవాడు తెలుగుదేశంలో బూత్ కమిటీ పనులు చూస్తాడు. రెండోవాడు వైఎస్సార్ కాంగ్రెస్‌లో మండల స్థాయిలో తిరుగుతాడు. ముగ్గురం డిగ్రీ కలిసి చదువుకున్నవాళ్లం, వాళ్లిద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకుంటారు. ఆ పిలుపులోని ఆప్యాయత ఏ మాత్రం తగ్గకుండానే ఎంత దూరమైనా తిట్టుకోగలరు.

ముందుగా అంకెలు వచ్చాయి. 2019లో 151 సీట్లు గెలిచిన పార్టీకి 2024లో మధ్యలోని 5 ఊడిపోయి 11 మిగిలిందని కిటికీ బావ అన్నాడు. మా ఎమ్మెల్యేలను 23 మందిని లాక్కున్నందుకు మీకు 23 సీట్లే వచ్చాయి, అదీ మే 23వ తేదీన వచ్చాయని రెండో బావ బదులిచ్చాడు. రాష్ట్రంలో టీ కొట్టు దగ్గర నిలబడిన ప్రతివాడూ విన్న మాటలే ఇవి. నాకు చిరాకు తెప్పించింది మాత్రం ఆ తరువాత సాగిన సంక్షేమ పథకాల చర్చ. శ్రీలంక దివాలా తీసిన 2022లో, ఇలా పంచుకుంటూ పోతే మన గతీ అంతేనని నాకు ఫోన్ చేసి మరీ చెప్పినవాడు ఈ కిటికీ బావే. ఇప్పుడు 4,000 రూపాయల పింఛను గురించి, బిడ్డకు 15,000 చొప్పున ఇచ్చే తల్లికి వందనం గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. నాడు అమ్మ ఒడిని పేదవాడి పెట్టుబడి అని సమర్థించిన రెండో బావ, ఇంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తారని ఇప్పుడు లెక్కలు అడుగుతున్నాడు. 15,000 అని చెప్పి కోతలు పోగా 13,000 ఖాతాలో వేయడం రెండు ప్రభుత్వాల్లోనూ జరిగింది కదా అని నేను అన్నాను. ఇద్దరూ నన్ను తటస్థుడివని నిందించారు.

వినుకొండలో బస్సు ఆగినప్పుడు బొటనవేలంత గ్లాసుడు టీకి 20 రూపాయలు తీసుకున్నారు. దారి పొడవునా వాళ్లిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే.

శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పుకునే త్రిపురాంతకంలో ఒక పెద్దావిడ ఎక్కి మా ముందు సీటులో కూర్చుంది. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంది. 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం తమ ఘనత కనుక కిటికీ బావ ఊరుకోలేక, “అమ్మా, ఈ టికెట్ ఎవరిచ్చారు?” అని అడిగాడు. ఆవిడ వెనక్కి తిరిగి అతణ్ణి ఎగాదిగా చూసి, “కండక్టరు” అంది. రెండో బావ పగలబడి నవ్వి, మరి తమ ప్రభుత్వంలో వచ్చిన చేయూత పథకం డబ్బు ఎవరిచ్చారో చెప్పమన్నాడు. “అదీ తీసుకున్నా నాయనా, ఇదీ తీసుకుంటన్నా” అని ఆవిడ మళ్లీ ముందుకు తిరిగింది.

యర్రగొండపాలెం వచ్చేసరికి రెండో బావ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఆ 11 సీట్లలో ఇది ఒకటి. అక్కడి నుంచి దోర్నాల వరకు వెలిగొండ ప్రాజెక్టు మీద జరిగిన వాదన కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నల్లమల కొండల కింద ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా ఉండే రెండు సొరంగాలు తవ్వి, శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల వరద నీటిని ఈ కరువు సీమకు మళ్లించాలన్నది ఆలోచన. 1996లో చంద్రబాబు శంకుస్థాపన చేశారు కనుక ప్రాజెక్టు తమదని ఒకడు, పనులు కదిలింది వైఎస్ హయాంలోనని, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసింది జగనేనని ఇంకొకడు. నీళ్లు పారని సొరంగాన్ని ఎన్నికల ముందు అంకితం చేయడమేమిటని మొదటివాడు. ఇంతకూ ఆ ప్రాజెక్టుకు ఉన్న పేరు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యది. ఆయన ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పెద్దావిడ ఇదంతా వింటూనే ఉందని మాకు తెలియదు. తన పుట్టింటి ఊరు వెలిగొండ ప్రాజెక్టు జలాశయం ముంపులో ఉందని, తమ్ముడికి పునరావాస ప్యాకేజీ డబ్బు ఇంకా రాలేదని చెప్పి, “ఆ డబ్బు గురించి మీ ఇద్దరిలో ఎవర్ని అడగాలి?” అంది. ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు చూపించుకున్నారు. ముంపు గ్రామాలు 11 అని ఆవిడే చెప్పింది. సీట్ల సంఖ్యగా ఆ అంకెను వంద సార్లు పలికినవాళ్లు ఊళ్ల సంఖ్యగా దాన్ని అప్పుడే విన్నట్టు కనిపించారు. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కుంటామని కూడా ఆవిడ చెప్పింది. మాది తెనాలి వైపు. జూన్‌లో బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వారం ఆలస్యంగా వదిలితే రాస్తారోకో చేసే ప్రాంతం నుంచి వచ్చినవాణ్ణి కనుక, ఆ మాటకు జవాబు నా దగ్గరా లేకపోయింది. దోర్నాలలో ఆవిడ దిగిపోయింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కాసేపు వాదన ఆగింది, అయితే అందుకు కారణం పశ్చాత్తాపం కాదు, కడుపులో తిప్పడం.

మల్లన్న దర్శనం త్వరగానే అయింది. మరునాడు డ్యాం చూడటానికి వెళ్లినప్పుడు తెలంగాణలోని అచ్చంపేట నుంచి కుటుంబంతో వచ్చిన ఒకాయన మాటల్లో కలిశాడు. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడు గేట్లతో మా నీళ్లన్నీ తోడుకుపోతున్నారని ఆయన అనడమే ఆలస్యం, మా బావలిద్దరూ ఒక్కటయ్యారు. ఎడమ గట్టున మీరు కరెంటు కోసం నీళ్లు కిందికి వదిలి నీటిమట్టాన్ని 854 అడుగుల కంటే తగ్గిస్తే రాయలసీమకు నీళ్లెలా అందుతాయని ఒకడు మొదలుపెడితే, ఆ వాక్యాన్ని ఇంకొకడు పూర్తి చేశాడు. తెలుగుగంగ తలపెట్టిన ఎన్టీఆర్‌ను రెండో బావ, పోతిరెడ్డిపాడును 11,000 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచిన వైఎస్‌ను కిటికీ బావ వెనకేసుకురావడం నేను ఈ చెవులతో విన్నాను. మా పాలమూరు ఎండిపోవాలా అని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు ఇద్దరూ సూటిగా సమాధానం చెప్పలేదు.

ఈ కూటమి సత్రం గదికి చేరే వరకు కూడా నిలవలేదు. కృష్ణా నీటిలో తెలంగాణకు 299, మనకు 512 టీఎంసీలన్న 2015 నాటి తాత్కాలిక పంపకానికి ఒప్పుకున్నది ఎవరు, 2019లో కేసీఆర్‌తో విందులు చేసింది ఎవరు అనే దగ్గర విడిపోయారు. 2023 నవంబరులో సాగర్ డ్యాం మీదికి పోలీసులను పంపి సగం గేట్లు స్వాధీనం చేసుకున్నది మేమేనని రెండో బావ, అది తెలంగాణ పోలింగ్ రోజు నాటకమని కిటికీ బావ. గదికి 1,800 రూపాయలు తీసుకున్న సత్రంలో ఫ్యాను తిరగకపోతే ఆ సంగతి కౌంటరులో చెప్పడానికి నేనొక్కణ్ణే కిందికి దిగవలసి వచ్చింది.