సంచిలో అల్లం, సీసాలో శొంఠి: తొమ్మిది నెలల లెక్క

మే రెండో వారం. "శొంఠి లేని కషాయం లేదు" అని సామెత చెప్పడమే గానీ, శొంఠి నేను ఎప్పుడూ సొంతంగా చేసింది లేదు. ఈసారి దుంప దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. కళ్లున్న అల్లం ముక్కలు ఐదు, ఒక్కోటి 30 గ్రాములు. కోసిన చోట ఆరాలని రెండు రోజులు నీడన పడేసి, ఆ తర్వాత 18 అంగుళాల సంచిలో రెండు వేళ్ల లోతున, కన్ను పైకి ఉండేలా నాటాను. మట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమానంగా కలిపాను.

జూన్. ఇరవయ్యో రోజు ఆత్రం ఆగక వేలితో గెలికాను. ఒక మొలక కొన పుటుక్కుమంది. మిగతా నాలుగూ వారంలో పైకొచ్చాయి, విరిగింది కూడా ఆలస్యంగా పక్క నుంచి చిగురేసింది. మధ్యాహ్నపు ఎండ తగలని చోటే దీనికి సుఖం.

ఆగస్టు. వరసగా వానలు. ఒక మొక్క ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. కాండం పట్టుకుని లాగితే మొదలు మెత్తగా ఊడి చేతికొచ్చింది, కుళ్లు వాసన. దుంపకుళ్లు తెగులు. చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేశాను. సంచి అడుగున చూస్తే కన్నాలు మట్టితో పూడి ఉన్నాయి, తప్పు నాదే. ఇంకో ఆరు కన్నాలు పొడిచి, ఇటుకల మీద ఎక్కించాను.

జనవరి చివర. ఆకులు ఎండి పడిపోయాయి, తవ్వాను. 1.3 కిలోలు. ఆర్నెల్లకే ఒక కొమ్ము దొంగతనంగా తీశాను గానీ, లేత అల్లం శొంఠికి పనికిరాదు. నీరు ఎక్కువ, ఎండితే ముడుచుకుపోతుంది.

ఫిబ్రవరి, ఎండబెట్టడం. మొదటి 200 గ్రాములు తొక్కతో, కొమ్ముల్లాగే ఎండేశాను. పైకి గట్టిగానే కనిపించాయి, విరిస్తే లోపల తెల్లటి బూజు. మొత్తం పారబోశాను. రెండో విడత 400 గ్రాములకు చెంచా అంచుతో తొక్క పైపైనే గీకాను. నూనె ఉండేది తొక్క కిందే కాబట్టి లోతుగా చెక్కితే ఘాటు చెత్తలోకి పోతుంది. నిలువుగా రెండుగా చీల్చి, రాత్రిళ్లు లోపలికి తెచ్చుకుంటూ తొమ్మిది రోజులు ఎండబెట్టాను. చివరికి 84 గ్రాములు మిగిలింది. విరిస్తే టక్కుమనాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

మార్చి, వాడకం. సంస్కృతంలో పచ్చిదాన్ని ఆర్ద్రకం, అంటే తడిది, అంటారు. ఎండినదానికి పేరే వేరు: శుంఠి, మహౌషధం. పేర్లు ఊరికే వేరు చేయలేదు. పచ్చి అల్లంలో ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. ఎండబెడితే అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా మంట. జపాన్ వాళ్లు అల్లాన్ని షోగ అంటారు, షోగాల్ పేరు అక్కణ్నుంచి వచ్చిందే.

జలుబు చేసినప్పుడు 5 గ్రాముల పచ్చి అల్లం దంచి, గ్లాసుడు నీళ్లలో పది నిమిషాలు మరిగించి తాగాను. గొంతుకు హాయి, అంతే. జలుబు మాత్రం తన టైము తీసుకుని పోయింది. ప్రయాణంలో వికారానికి పావు చెంచా శొంఠి పొడి నాకు బాగా పనిచేసింది. పరిశోధనలు కూడా అల్లాన్ని ఎక్కువగా సమర్థించింది వికారం విషయంలోనే. గర్భిణుల వికారం మీద చేసిన చాలా ప్రయోగాల్లో మోతాదు రోజుకు 1 గ్రాము. అయినా డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకూ, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకూ ఇదే మాట. ఖాళీ కడుపున తాగితే నాకైతే ఛాతీలో మంట.

తలనొప్పికి శొంఠికొమ్ము సానరాయి మీద అరగదీసి పట్టు కూడా వేసి చూశాను. ఐదు నిమిషాలకు చురచుర, పది నిమిషాలకు నుదురంతా ఎరుపు. ఆ మంటలో తలనొప్పి ఉందో లేదో తెలీలేదు. కడిగేసుకున్నాను.

విత్తనానికి ఆరు కొమ్ములు పొడి ఇసుకలో దాచాను. రెండింటికి అప్పుడే కళ్లు ఉబ్బుతున్నాయి.