శుక్రవారం, కట్ లైన్ దగ్గర

ఈ వారం కార్న్ ఫెర్రీ టూర్ గోల్ఫ్ టోర్నమెంట్‌లో వాలంటీర్‌గా చేస్తున్నాను. నాది వాకింగ్ స్కోరర్ పని. ముగ్గురు ఆటగాళ్ల వెంట పద్దెనిమిది హోల్స్ నడుస్తూ స్కోర్లు ఎక్కించాలి. ఈ రోజు శుక్రవారం, అంటే రెండో రౌండ్, కట్ తేలే రోజు, అంటే వారాంతం ఎవరు ఆడతారో తేలే రోజు.

అమెరికాలో అన్నిటికన్నా పెద్ద గోల్ఫ్ టూర్ అయిన పీజీఏ టూర్‌కి ఒక్క మెట్టు కింద ఉండేది ఈ టూర్. 1990లో బెన్ హోగన్ టూర్ పేరుతో మొదలై, స్పాన్సర్లు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చింది. గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ 2019లో ఇక్కడే ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఆ తర్వాత మూడేళ్లకే గోల్ఫ్‌లో పెద్ద టోర్నమెంట్లలో ఒకటైన మాస్టర్స్ గెలిచాడు. అయితే అలా దూసుకుపోయేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్ల సీజనంతా శుక్రవారాల మీదే నడుస్తుంది.

మామూలుగా 156 మందితో మొదలవుతుంది. 36 హోల్స్ అయ్యాక మొదటి 65 స్థానాల్లో ఉన్నవాళ్లు, 65వ స్థానంలో సమానంగా నిలిచినవాళ్లు మాత్రమే శని, ఆదివారాలు ఆడతారు. మిగతావాళ్లకి ఒక్క డాలర్ కూడా రాదు. విమానం, హోటల్, కేడీ (బ్యాగ్ మోసే సహాయకుడు) జీతం అన్నీ సొంత జేబులోంచే. అందుకే నన్నడిగితే ఈ టూర్‌లో అసలు పోటీ టైటిల్ దగ్గర కాదు, 65వ స్థానం దగ్గర ఉంటుంది.

మా గ్రూప్‌ది పొద్దుటి వంతు, పదో హోల్ నుంచి మొదలు. కాబట్టి తొమ్మిదో హోలే ఆఖరిది. అక్కడికి వచ్చేసరికి ముగ్గురిలో ఒకతను నాలుగు అండర్ (పార్, అంటే నిర్ణీత స్ట్రోకుల కన్నా నాలుగు తక్కువ) మీద ఉన్నాడు. బోర్డు మీద కట్ అంచనా ఐదు అండర్. బర్డీ (పార్ కన్నా ఒక స్ట్రోక్ తక్కువ) కావాల్సిన చోట అతని రెండో షాట్ గ్రీన్ (హోల్ చుట్టూ నున్నటి గడ్డి) పక్క బంకర్‌లో పడింది. ఇసుకలోంచి బాగానే లేపాడు కానీ బంతి హోల్‌కి ఎనిమిది అడుగుల దూరంలో ఆగింది. ఇక అది పార్ పట్, అంటే బంతిని దొర్లించి హోల్‌లో వేస్తే పార్ దక్కే షాట్. అది పడినా కట్ లైన్ కింద ఒక స్ట్రోక్ వెనకే ఉంటాడు. అయినా గ్రీన్ చుట్టూ పూర్తిగా తిరిగాడు, హోల్ అవతలి వైపు వంగి చూశాడు, కేడీతో రెండు మాటలు మాట్లాడి, అప్పుడు కొట్టాడు. బంతి ఎడమ అంచు తాకి లోపలికి జారింది. చూసేవాళ్లు పదిమంది కూడా లేరు. నా గుండె మాత్రం దడదడలాడింది.

స్కోరింగ్ టెంట్‌లో ఇంకా దగ్గరగా చూశాను. నేను స్కోర్లు చదువుతుంటే, అతను ఒక్కో గడి మీద పెన్సిల్ మొన ఆనిస్తూ సరిచూసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి చూసుకుని సంతకం పెట్టాడు. ఏదైనా హోల్‌కి కొట్టినదానికన్నా తక్కువ రాసి ఉండి, కార్డు ఇచ్చేస్తే డిస్‌క్వాలిఫై చేస్తారు.

మధ్యాహ్నం గాలి లేచింది. టైమింగ్ అదృష్టం కూడా ఈ ఆటలో భాగమే, పొద్దున ఆడినవాళ్లు కదలని జెండాల మధ్య ఆడారు, సాయంత్రం వాళ్లకి ప్రతి ఐరన్ షాట్‌కీ లెక్క మారిపోయింది. బోగీలు (పార్ కన్నా ఒక స్ట్రోక్ ఎక్కువ) పెరిగేకొద్దీ కట్ అంచనా ఐదు నుంచి నాలుగుకి జారింది. అతను పట్‌లు సాధన చేసే గ్రీన్ మీదే ఉన్నాడు, ఫోన్ బ్యాగ్‌లో పెట్టేసి. ఎవరో బోగీ కొట్టాలని కోరుకోవడం అతనికి ఇష్టం లేదని నాకనిపించింది. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది. ఆఖరి గ్రూప్ ముగిశాక నాలుగు అండర్ నిలబడింది. అతను లోపలున్నాడు. మా గ్రూప్‌లోని ఇంకొకతను ఒకే ఒక్క స్ట్రోక్‌తో పోయాడు, అప్పటికే కారులో సామాను సర్దుకుంటున్నాడు.

పది లక్షల డాలర్ల ప్రైజ్‌మనీలో విజేతకి లక్షా ఎనభై వేలు. అరవై అయిదో స్థానానికి వచ్చేది నాలుగు వేల చుట్టుపక్కల. ఖర్చులు పోను మిగిలేది పెద్దగా ఉండదు, కానీ పాయింట్లు వస్తాయి, రెండు రౌండ్లు మిగిలి ఉన్నాయి. 2025 నుంచి సీజన్ చివర పాయింట్లలో ముందున్నవాళ్లకి ఇచ్చే పీజీఏ టూర్ కార్డులు (ఆ టూర్‌లో ఆడే అర్హత) 30 నుంచి 20కి తగ్గాయి కాబట్టి ప్రతి పాయింటూ ముఖ్యమే.

కట్ లైన్ మీద ఉన్నవాళ్లని రేపు అందరికన్నా ముందు దింపుతారు. నా డ్యూటీ మధ్యాహ్నం. అయినా అతని గ్రూప్ కోసం పొద్దున్నే వెళ్తున్నాను.