నా కథ వినడానికి నేనే డబ్బు కట్టాలట

"పూర్తి కథ కోసం సబ్‌స్క్రైబ్ చేయండి" అంటోంది ఆడియో కథల యాప్. కథేమో నాది!

చెల్లి లింకు పంపి, "అక్కా, ఎవరో భలే చదివారే" అంది. నిజమే, బాగా చదివారు. పేరు కూడా వేశారు, పాపం. అత్తగారు ట్రంకుపెట్టె మూత ఎత్తబోయే చోట ఆపేసి డబ్బులడుగుతున్నారు.

2009లో ఆదివారం అనుబంధంలో వచ్చిన కథ అది. పత్రికకి ఫోన్ చేస్తే "అప్పుడే పారితోషికం ఇచ్చేశాం కదండీ" అన్నారు. ఇచ్చారు, ఒకసారి అచ్చేసుకున్నందుకు. నేనెక్కడా సంతకం పెట్టలేదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. అవి ఉన్నా, గడువు రాయకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. ఈ ముక్క చాలామంది రచయితలకే తెలీదు.

అమెరికాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో టాసినీ అనే రచయిత పేరున్న కేసులో న్యూయార్క్ టైమ్స్ మీద ఫ్రీలాన్సర్లు, అంటే ఉద్యోగులు కాకుండా విడిగా రాసిచ్చేవాళ్లు, గెలిచారు. వాళ్ల వ్యాసాలను డేటాబేసుల్లో పెట్టాలంటే విడిగా అనుమతి తీసుకోవాల్సిందే అంది కోర్టు. అయితే కేసు నడుస్తుండగానే పత్రికలు తెలివిగా అన్ని హక్కులూ రాయించుకోవడం మొదలెట్టాయి. ఆ తెలివి ఇక్కడికీ వచ్చింది లెండి. ఈ మధ్య పోటీలకి కథ పంపేటప్పుడు హామీపత్రం చివరి పేరా చదువుతున్నారా?

నా కథ ఏ కాగితం చూపించి అమ్మారో పంపమని ఇద్దరికీ మెయిల్ పెట్టాను. పత్రికవాళ్లు "చూసి చెప్తాం" అన్నారు. యాప్‌వాళ్లు మాత్రం ఇరవై శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు.