సున్నపు బట్టీలో ఉత్ప్రేరకం వేస్తే?

తార్నాక వైపు ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగపరిచే పదార్థం, ఆ పాఠం వచ్చిందంటే పొటాషియం క్లోరేట్ ప్రయోగం ఉండాల్సిందే. దాన్ని ఒక్కదాన్నే వేడిచేస్తే 356 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇంకా కాలిస్తే గానీ ఆక్సిజన్ ధారాళంగా రాదు. పైగా కొంత భాగం పెర్‌క్లోరేట్‌గా మారి మొండికేస్తుంది. చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ అనే నల్లపొడి కలిపితే మాత్రం కరగకముందే వాయువు మొదలవుతుంది. రెండూ ఘనాలే కాబట్టి రేణువూ రేణువూ తాకిన చోటే పని. నల్లపొడి ఎంత సన్నగా ఉంటే అంత మేలు. చివర్లో నీళ్లు పోస్తే పొటాషియం క్లోరైడ్ కరిగిపోతుంది, నల్లపొడి వడపోత కాగితం మీద మిగులుతుంది. మొదట కలిపే నల్లపొడిలో బొగ్గు నలుసులుంటే, క్లోరేట్‌తో వేడిచేసేటప్పుడు పేలిపోగలదు, అందుకే పిల్లల చేతికివ్వను.

పాతబస్తీ నుంచి వచ్చే ఒకమ్మాయి అడిగింది: "మేడం, 1591లో చార్మినార్‌కి సున్నం కాల్చినప్పుడు ఇలాంటిదేదైనా కలిపితే కట్టెలు మిగిలేవి కదా?"

మంచి ప్రశ్న. సిలబస్ రాసినవాళ్లకు తట్టలేదు! క్లోరేట్ విడిపోవడానికి సిద్ధంగానే ఉంటుంది, ఆలస్యమంతా చర్య మొదలవడానికి కావలసిన శక్తి అనే అడ్డుగోడ వల్లే; ఉత్ప్రేరకం ఆ గోడను తగ్గిస్తుంది. సున్నపురాయి సంగతి వేరు. వేడికి అది సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడుతుంది, ఆ రెండూ తిరిగి కలిసి రాయిగా మారగలవు కూడా: సుమారు 900 డిగ్రీల దగ్గర గానీ దాని కార్బన్ డయాక్సైడ్ పీడనం ఒక అట్మాస్ఫియర్‌కి చేరదు. ఉత్ప్రేరకం ముందుకూ వెనక్కీ సమానంగా తోస్తుంది, ఆ రెండూ సరితూగే సమతాస్థితిని కదపలేదు. వచ్చిన వాయువును బయటికి పంపేస్తే మాత్రం తక్కువ వేడికే రాయి విడుతుంది.

"అయితే బట్టీకి గాలి బాగా ఆడాలన్నమాట," అంది. అంతే.