సినిమా బ్యానర్ల నుంచి బుల్లెట్ ట్యాంకుల దాకా

నేను రంగు పట్టుకోవడం నేర్చుకుంది విజయవాడ గాంధీనగర్‌లో, సినిమా బ్యానర్లు రాసే మా గురువుగారి దగ్గర. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ అక్కడే కాబట్టి పనీ అక్కడే. చిన్న ఫొటో మీద గళ్ళు కొట్టి, అదే లెక్కన గుడ్డ మీద పెద్ద గళ్ళు కొట్టుకుని, ఒక్కో గడిలో ఏముందో చూసి దింపుతూ పోవాలి. మాకు అక్షరాలు, చీరలు, చొక్కాలు ఇచ్చేవారు, మొహాలు మాత్రం ఆయనే. హీరో బుగ్గ మీద నీలం ఎందుకు పూస్తున్నారో దగ్గర్నుంచి చూస్తే అర్థమయ్యేది కాదు, రోడ్డు అవతలకెళ్ళి చూస్తే మొహం వెలిగిపోతుండేది.

తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. రాత్రికి రాత్రి ప్రింటై వచ్చేస్తుంటే రోజుల తరబడి వేసే బ్యానర్ కోసం ఎవరాగుతారు? అక్కణ్ణించి షాపు బోర్డులు, ఎలక్షన్లప్పుడు గోడ రాతలు, స్కూళ్ళలో బొమ్మలు, ఆటోనగర్‌లో లారీలకి నెమళ్ళు పువ్వులు, నంబర్ ప్లేట్లు, ఏదొస్తే అది చేశా. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి చేశాక ఆ నంబర్ల పనీ పడిపోయింది.

బైకుల్లోకి తెచ్చింది ఆటోనగరే. ఒకబ్బాయి వాళ్ళ నాన్నగారి పాత బుల్లెట్ బండి పెట్రోల్ ట్యాంకుకి నల్ల రంగు కొట్టించుకున్నాడు, బంగారు గీతలకి స్టిక్కర్ వేస్తామంటే ఒప్పుకోలేదు, చేత్తో గీసేవాళ్ళే కావాలన్నాడు. నిజమే కదా, మద్రాసు తిరువొత్తియూర్ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తో గీసినవే. షెడ్డువాళ్ళు నన్ను పిలిచారు. బోర్డు రాసేప్పుడు చెయ్యి ఆనించుకోడానికి కర్ర ఉంటుంది, ట్యాంకు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది కుదరదు, చిటికెన వేలు రేకుకి ఆనించి, పొడుగు వెంట్రుకల బ్రష్‌తో ఊపిరి బిగబట్టి ఒకే లాగుడు లాగాలి. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. అది పూర్తయ్యాక నాకు ఇంక వేరే పని చెయ్యబుద్ధి కాలేదు, నిజంగా.

ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్, తర్వాత నేర్చుకున్నా. గళ్ళ పద్ధతి ఇక్కడ సగమే పనిచేస్తుంది, వంపు మీద మొహం వేస్తే బుగ్గ సాగిపోతుంది, కాబట్టి బండి మీద కూర్చున్నవాడికీ పక్కనుంచి చూసేవాడికీ ఎలా కనిపిస్తుందో చూసుకుంటూ సరిచేస్తూ పోవాలి. అసలు టైమంతా బొమ్మ కంటే ముందు పనికే పడుతుంది, పెట్రోల్ తీసేసి, వాటర్ పేపర్, అంటే నీళ్ళతో రుద్దే గరుకు కాగితం, పట్టి, సొట్టలకి పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, మళ్ళీ రుద్దాలి. బొమ్మయ్యాక పైన టూకే క్లియర్, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రంగులేని పూత, కొట్టాల్సిందే, మామూలు వార్నిష్ వేస్తే మూత దగ్గర పెట్రోల్ చుక్క పడగానే మెత్తబడిపోతుంది. అది బాగా గట్టిపడ్డాక 2000 నంబర్ పేపర్, ఆ తర్వాత పాలిష్.

అమెరికాలో 1950ల్లో కార్లకీ బైకులకీ ఇలాంటి గీతలతో పెద్ద పేరు తెచ్చుకున్న వాన్ డచ్, అసలు పేరు కెన్నీ హోవర్డ్, ఆయన నాన్న కూడా బోర్డులు రాసేవాడే. ఆ సంగతి తెలిసినప్పుడు చాలా సంతోషమేసింది, మన బోర్డు పెయింటర్ల చేతిలో ఉన్న పనేంటో అక్కడా కనిపించింది కదా. బ్యానర్లు పోయాక ఇంట్లో కూర్చున్న మంచి చేతులు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి, వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే షెడ్డుకి రండి, బ్రష్ పట్టడం మీకు నేను నేర్పక్కర్లేదు, రంగు కొట్టే గన్ పట్టడం నేర్పుతా.

బండి కలర్ మొత్తం మార్చాలనుకునేవాళ్ళు మాత్రం ముందు ఆర్‌టీవో ఆఫీసుకెళ్ళి కనుక్కుని రండి, ఆర్‌సీలో కలర్ రాసి ఉంటుంది.