తాబేలుకు దణ్ణం, పిట్టకు పురుడు

నాన్న సంవత్సరీకం శ్రీకూర్మంలోనే పెట్టాలని అమ్మ పట్టుబట్టింది. "కాశీ దాకా నన్నెవరు మోసుకెళ్తారు? పక్కనే కూర్మనాథుడు ఉన్నాడు కదా" అంది. పని అయ్యాక తన పుట్టినూరు టెక్కలి వెళ్లి రెండు రోజులు ఉండాలన్నది అసలు ప్లాను. అది నాకు రైల్లో తెలిసింది.

నేను ఒక కంపెనీలో సస్టైనబిలిటీ రిపోర్టులు రాస్తాను. ఎంత కరెంటు కాల్చాం, ఎన్ని నీళ్లు వాడాం, ఎన్ని మొక్కలు నాటాం అని లెక్కగట్టి ఏడాదికోసారి రంగుల పుస్తకం వేయడం నా పని. ఆమధ్య ఆఫీసులో ఒక ట్రైనింగు పెట్టారు. ఆధ్యాత్మికత లేకుండా పర్యావరణం బాగుపడదని ఒకాయన గంటన్నర చెప్పాడు. కళ్లు మూసుకుని భూమాతను తలుచుకోమన్నాడు. అందరం తలుచుకున్నాం. ఏసీ 18లో ఉంది.

సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాం. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి బస్సులో శ్రీకాకుళం, మళ్లీ ఆటోలో శ్రీకూర్మం చేరేసరికి పొద్దెక్కింది. మామూలుగా గుళ్లో ఒక ధ్వజస్తంభం ఉంటుంది, ఇక్కడ రెండు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకని తూర్పున ఒకటి, పడమర ఒకటి. అమ్మ రెండింటికీ విడివిడిగా దణ్ణం పెట్టుకుంది.

శ్వేతపుష్కరిణి మెట్ల మీద తంతు జరిగింది. చివర్లో పంతులుగారు విస్తరిని నీళ్లలో వదలమన్నారు. వదిలాను. పూలు తెచ్చిన క్యారీబ్యాగు చేతిలో మిగిలింది. దాన్నీ వదిలేశాను. ఎందుకు వదిలానో ఇప్పటికీ చెప్పలేను. కళ్లలో నీళ్లున్నాయి, చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి, అంతే. పక్క మెట్టు మీద బట్టలు పిండుకుంటున్న ఒకావిడ నా వైపు చూసి, "ఏటి బాబూ, సంచి కూడా మీ నాన్నకేనా?" అంది.

తడి పంచెతో మళ్లీ నీళ్లలో దిగి దాన్ని పట్టుకోవడానికి నాలుగడుగులు లోపలికి వెళ్లాల్సి వచ్చింది. పంతులుగారు నవ్వు ఆపుకున్నారు. అమ్మ ఆపుకోలేదు. నాన్న పోయిన ఏడాదిలో అమ్మ అలా నవ్వగా చూడటం అదే మొదటిసారి.

గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లున్నాయి. ఆకుకూర వేస్తే ఒకటి నింపాదిగా వచ్చి, కాడ వదిలేసి ఆకు మాత్రం కొరుక్కుంది. దగ్గర నుంచి చూస్తే డిప్ప మీద ఒక్కో గడిలో పసుపు గీతలు నడిమధ్య నుంచి అంచులకు పాకి ఉంటాయి, ముగ్గు వేసే చెయ్యి తిరిగిన మనిషి గీసినట్టు. జనం వాటిని చూసి చెంపలేసుకుంటున్నారు. ఒకాయన తన కొడుక్కి "ఇవి కోనేట్లో ఉంటాయి నాన్నా" అని చెబుతున్నాడు. ఇవి మెట్ట తాబేళ్లు, లోతు నీళ్లలో వదిలితే మునిగిపోతాయి. ఆయనకు ఆ మాట చెప్పాను. నన్ను ఎగాదిగా చూశాడు. ఇంట్లో పెంచుకోవడానికి దొంగతనంగా అమ్ముకునే తాబేళ్లలో ఇవి ముందు వరసలో ఉంటాయి. అందుకే 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు. గుళ్లో దణ్ణం పెట్టుకునే దేశంలోనే వీటిని సంచుల్లో కుక్కి ఎయిర్‌పోర్టులు దాటించేవాళ్లూ ఉన్నారు.

సాయంత్రం సముద్రానికి వెళ్లాం. గుడికి దగ్గరే. ఒడ్డు వెంట కాసేపు నడిచాక ఇసుకలో చచ్చిపడి ఉన్న తాబేలు కనిపించింది. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు. చక్రమంత డిప్ప, కళ్ల దగ్గర ఈగలు. జనవరి నుంచి ఇవి గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్లకు వస్తాయి. ఒక్కోటి ఇసుకలో గొయ్యి తీసి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పేసి, మళ్లీ వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి.

వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని అడిగాను.

"మా వల్లో పడితే దణ్ణమెట్టి ఇడిసేత్తాం బాబూ, కూర్మనాథుడు కదా. పెద్ద బోట్ల వల గంటల కొద్దీ నీళ్లలోనే ఉంటాది. దానికీ ఊపిరాడాలి కదేటి."

తాబేలు సముద్రంలో బతికినా గాలి పీల్చాల్సింది నీళ్ల పైకొచ్చే. వలలో ఇరుక్కుంటే పైకి రాలేదు. అది తప్పించుకుపోవడానికి, పెద్ద బోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలకు అమర్చే చట్రం ఎప్పుడో వచ్చింది. ఆ దారిలో కొన్ని చేపలూ పోతాయని బోటు యజమానులకు బెంగ. వాళ్లలోనూ శ్రీకూర్మం మొక్కులు తీర్చుకునేవాళ్లు ఉండే ఉంటారు. ఆ సంగతి మనసులో మెదులుతుంటే రాత్రి లాడ్జిలో సరిగ్గా నిద్రపట్టలేదు. దోమల పాలు కూడా ఉందనుకోండి.

మర్నాడు టెక్కలి. మావయ్య ఇంట్లో భోజనం, దాని మీద నిద్ర, దాని మీద టీ. నాలుగింటికి అమ్మే అంది, "తేలినీలాపురం పిట్టల్ని చూసి ఎన్నేళ్లయిందో" అని. నౌపడా వైపు ఆటోలో వెళ్లాం. ఊరు కనబడే లోపే వాసన తగిలింది. ఎండుచేపల బజారులో సున్నం కలిపినట్టు ఉంటుంది. తర్వాత చప్పుడు. ఎర్రకాళ్ల కొంగలకు గొంతు లేదనే చెప్పాలి, ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. చెట్టు నిండా వందల ముక్కులు.

అడవిలాంటిదేదో ఉంటుందనుకుని వచ్చేవాళ్లకు ఇక్కడ ఆశ్చర్యమే. ఇళ్ల మధ్య, పెరళ్లలో చింతచెట్లు, వాటి మీద గూళ్లు. గూడబాతులు, అంటే పెలికాన్లు, పై కొమ్మల్లో బరువుగా కూర్చుని ఉన్నాయి. ఒక పిల్ల తన తలకాయ మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి వెతుక్కుంటోంది. తల్లి కళ్లు మూసుకుని భరిస్తోంది. సెప్టెంబరు నాటికి వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి ఆఖరుకు వెళ్తాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఆటో అతను చెప్పాడు. పేపర్లలోనూ అలాగే రాస్తారు. నిజానికి గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ మన ఉపఖండం చుట్టుపక్కల తిరిగేవే, సైబీరియా మొహం చూసి ఉండవు. చెప్పబోయి ఊరుకున్నాను. దూరం నుంచి వచ్చిన చుట్టానికి మర్యాద ఎక్కువ జరుగుతుంది, జరగనీ.

ఒక పెంకుటింటి ముందు అరుగు మీద కూర్చున్న మామ్మ అమ్మకు చాప వేసింది. రెండు నిమిషాల్లో ఇద్దరూ ఎవరి ఇంటిపేరు ఏమిటి, ఎవరి కోడలు ఏ ఊరు అన్నదాకా వెళ్లిపోయారు. అమ్మ అడిగింది, ఈ కంపు ఎలా భరిస్తున్నారని.

"ఆడపిల్ల పురిటికొచ్చినట్టు వొత్తాయి తల్లీ. పొమ్మంటామేటి? ఇవి రాని ఏడు వానలుండవు, పంటుండదు అనీది మా అత్త."

"చెట్టు కాయలో?"

"గూళ్లుంటే చెట్టెక్కి దులపలేం కదా. నా చెట్టుంది, చింతపండు మాత్రం టెక్కలి సంతలో కొంటన్నాను."

ఆమె ఆ మాట గొప్పగా చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. ధర ఎక్కువైందని మాత్రం అంది. నేను రాసే రిపోర్టుల్లో ఈ చింతపండు ఖర్చుకు కాలమ్ లేదు. నేను నిన్న తాబేలుకు దణ్ణం పెట్టాను, నాకు రూపాయి ఖర్చు కాలేదు. ఆఫీసులో భూమాతను తలుచుకున్నప్పుడూ కాలేదు.

అలాగని అంతా నమ్మకమే కాపాడిందంటే అబద్ధం అవుతుంది. ఈ పిట్టలు మేతకు వెళ్లేది నౌపడా వైపు చిత్తడి నేలలకి. ఆ నేలల్ని ఇక్కడ తంపర అంటారు, సోంపేట వైపు బీల అంటారు. 2010 జులైలో సోంపేట బీలలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర దగ్గర థర్మల్ ప్లాంట్లు వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డం తిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట ప్లాంటుకు పర్యావరణ అనుమతి 2010 జులైలోనే రద్దయింది. వాళ్లు పిట్టల పేరు మీద పోరాడలేదు. చేప, వరి, నీళ్లు, పొట్టకూడు. మావయ్యకు ఆ రోజులు బాగా గుర్తు. వాటి సంగతి ఎత్తితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోతుంది. చింతచెట్టు మీద మామ్మ పురుడు పోయగలదు గానీ, తంపర పోతే ఆ పిల్లలకు మేత ఎక్కణ్నుంచి తెస్తుంది?

చీకటి పడుతుండగా తంపర వైపు నుంచి గూడబాతులు వరసకట్టి తిరిగొచ్చాయి. అంత బరువు పిట్ట గాలిలో చప్పుడు లేకుండా తేలుతూ వచ్చి, కొమ్మ మీద వాలేటప్పుడు మాత్రం తూలి పడబోతుంది. అమ్మ ప్రతిసారీ "అయ్యో" అంటూనే ఉంది.

టెక్కలిలో బండి దిగగానే అమ్మ కిరాణా కొట్టు దగ్గర ఆగింది. కిలో చింతపండు తూపించి, గింజ ఉందా లేదా అని వేలితో నొక్కి చూసి, పొట్లం ఆటో అతని చేతిలో పెట్టింది.

"రేపు అటేపు వెళ్తావు కదా బాబూ. పెంకుటిల్లు, పెద్ద చెట్టు. మామ్మకి ఇచ్చెయ్."

కొట్టతను క్యారీబ్యాగు ఇవ్వబోతే అమ్మ నా వైపు చూసి, కాగితంలోనే చుట్టమంది.